థామస్ జెర్డాన్

థామస్ కావెర్‌హిల్ జెర్డాన్ (1811 అక్టోబరు 12 - 1872 జూన్ 12) బ్రిటిష్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన ఈయన దక్షిణ భారత పక్షులపై విశేష పరిశోధన చేశాడు. తెలుగునాట మాత్రమే కనిపించే కలివి కోడికి ఆంగ్లంలో ఈయన పేరే పెట్టారు.

తొలి జీవితం

జెర్డాన్ ఇంగ్లాండులోని డర్హం ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి, ఈస్టిండియా కంపెనీలో సహాయ శస్త్రవైద్యునిగా చేరి 1836 ఫిబ్రవరిలో మద్రాసు వచ్చాడు. మొదట గంజాం ప్రాంతంలో జ్వరపీడితులైన సైనికులకు వైద్యం చేస్తూ తూర్పు కనుమల పక్షులను పరిశీలించాడు. తరువాత తిరుచిరాపల్లికి బదిలీ అయ్యాడు. తాను సేకరించిన పక్షి నమూనాలను గుర్తింపు కొరకు స్కాట్లాండులోని విలియం జార్డిన్‌కు పంపగా, అవి చేరేసరికే పురుగు పట్టి పాడయ్యాయి. దానితో జెర్డాన్ స్వయంగానే ద్వీపకల్ప పక్షుల పట్టికను తయారుచేసి ప్రచురించాడు. 1841లో ఫ్లోరా మాక్లియాడ్‌ను వివాహమాడాడు.

నెల్లూరులో

నాటి నెల్లూరు జిల్లాలో, 1970లో ప్రకాశం జిల్లాలో చేరిన కనిగిరి, పొదిలి ప్రాంతాలు కూడా ఉండేవి. ఇక్కడ జెర్డాన్ యానాదుల నుండి స్థానిక జీవజాలం గురించి ఎన్నో విషయాలు తెలుసుకున్నాడు. తన గ్రంథాలలో పక్షుల శాస్త్రీయ నామాలతో పాటు తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు.

కలివి కోడి

జెర్డాన్ సేకరించిన నమూనా ఆధారంగా ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇది సుమారు 27 సెం.మీ. పొడవు ఉంటుంది. కంటిపై వెడల్పైన తెల్లని చార, గొంతుపై ఎర్రని మచ్చ, రొమ్ముపై రెండు గోధుమరంగు పట్టీలు, పొడవైన కాళ్ళు దీని గుర్తులు. ఇది దట్టమైన అడవిలో గాని, పూర్తిగా చదునైన బయలులో గాని నివసించదు. తుమ్మ, రేగు, కలివి వంటి ముళ్ళపొదల మధ్య ఖాళీ నేల ఉన్నచోట రాత్రివేళ తిరుగుతూ పురుగులను తింటుంది.

1900 తరువాత కనిపించకపోవడంతో ఈ జాతి అంతరించిందని భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ స్థానిక వేటగాని సహాయంతో దీనిని తిరిగి కనుగొన్నాడు. యానాదులను అడిగి తెలుసుకున్న జెర్డాన్ పద్ధతే, ఆయన పక్షిని మళ్ళీ వెలుగులోకి తెచ్చింది. దీని రక్షణకై లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పొదలను నరికివేయడం, కాలువల తవ్వకం దీనికి ప్రధాన ముప్పులు.

రచనలు, చివరి రోజులు

1843-47 మధ్య భారతీయ చిత్రకారులు వేసిన 50 చిత్రాలతో మద్రాసులో ఒక పక్షి గ్రంథం వెలువరించాడు. 1862-64లో వచ్చిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో వేయికి పైగా జాతులను వర్ణించాడు. 1867లో క్షీరదాలపై మరో గ్రంథం రచించాడు. దక్షిణ భారత చీమలను, సరీసృపాలను కూడా పరిశోధించాడు. 1868లో ఉద్యోగ విరమణ చేసిన జెర్డాన్ 1872లో ఇంగ్లాండులో మరణించాడు.