రెండవ వార్తాహరుడు

సంధ్యవేళ పొలము గట్టున నడచి వచ్చుచున్న బాలునికి ఎదుట పాము కనబడినదనుకొందము. ఆ క్షణముననే వాని గుండె దడదడ కొట్టుకొనును. అంతవరకు అలసియున్న కాళ్ళకు ఎక్కడలేని సత్తువ వచ్చును. మూత్రపిండములమీద టోపీలవలె అమరియున్న రెండు చిన్న గ్రంథులు ఎడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి విడుచుటయే దీనికి కారణము. అది కాలేయమును చేరగానే అచట నిలువయున్న గ్లైకోజన్ విడివడి గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో కలియును. ఇట్లు రక్తముద్వారా వార్తలు మోయు ద్రవ్యములకు హార్మోనులని పేరు. హార్మోనులు ఏమి చేయునో ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళనుండియే పండితులు తెలిసికొనుచు వచ్చిరి. ఎట్లు చేయునో మాత్రము వారికి అంతుపట్టలేదు. ఆ ప్రశ్నవెంట జీవితమంతయు నడచినవాడు ఎర్ల్ విల్బర్ సదర్లాండ్.

ఆయన 1915వ సంవత్సరము నవంబరు 19వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కాన్సస్ రాష్ట్రమునందలి బర్లింగేమ్ అను చిన్న ఊరిలో జన్మించెను. ఆరుగురు సంతానములో ఐదవవాడు. తండ్రి కొంతకాలము సేద్యము చేసి, పిమ్మట ఆ ఊరిలో బట్టల దుకాణము పెట్టుకొనెను. తల్లి నర్సు శిక్షణ పొందినది. గాలము వేసి చేపలు పట్టుటయందు బాలునికి మిక్కిలి ప్రీతి. పెద్దవాడైన తరువాతను ఆ ప్రీతి తగ్గలేదు. 1933లో టొపీకా నగరములోని వాష్‌బర్న్ కళాశాలలో చేరెను. అవి అమెరికాలో ఆర్థికమాంద్యపు దినములు. సదర్లాండు ఒక ఆసుపత్రిలో రోగులకు పరిచర్య చేయు పనివాడుగా కుదిరి, ఆ జీతముతో చదువు సాగించి, 1937లో పట్టము పొందెను. తరువాత సెయింట్ లూయిస్ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి 1942లో వైద్యుడయ్యెను.

అచటనే కార్ల్ కోరీ అను ఆచార్యునితో పరిచయము కలిగెను. కోరీయు, ఆయన భార్య గెర్టీయు గ్లైకోజన్ విడివడు తీరును పరిశోధించి 1947లో నోబెల్ బహుమతి నందుకొన్న దంపతులు. రెండవ ప్రపంచయుద్ధములో సదర్లాండు సైనిక వైద్యుడుగా యూరపు ఖండమునకు వెళ్ళి, 1945లో తిరిగి వచ్చెను. అప్పుడు ఆయన ముందు రెండు దారులుండెను. వైద్యవృత్తిలో ధనమును గౌరవమును సిద్ధముగా నున్నవి. పరిశోధనలో ఏమి లభించునో ఎవరును చెప్పలేరు. ఆయన కోరీ దంపతుల ప్రయోగశాలకే తిరిగి వచ్చెను.

1953లో క్లీవ్‌లాండ్ నగరములోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయమునకు ఔషధశాస్త్ర శాఖాధిపతిగా వెళ్ళెను. హార్మోనులు చెడని జీవకణముమీదనే పనిచేయుననియు, కణమును పగులగొట్టినచో వాని ప్రభావము నశించుననియు ఆనాటి పండితులలో పెక్కుమంది నమ్మకము. సదర్లాండు ఆ నమ్మకమునకు లోబడలేదు. థియోడర్ రాల్ అను సహచరునితో గూడి కాలేయమును ముద్దగా నూరి, అందు ఎడ్రినలిన్ కలిపి చూచెను. గ్లైకోజనును విడగొట్టు ఫాస్ఫోరిలేజ్ అను ఎంజైము ఆ ముద్దలోను మేల్కొనెను!

పిమ్మట ఆ ముద్దను వేగముగా త్రిప్పు యంత్రములో పెట్టి, పైతేటను అడుగుమడ్డిని వేరుచేసిరి. పైతేటలో ఎంజైమున్నది; కాని హార్మోను కలిపినను అది మేల్కొనలేదు. అడుగుమడ్డిలో నున్నవి పగిలిన కణముల పొరలు మొదలగునవి. ఆ మడ్డికి హార్మోనును కలిపి, కొంతసేపుంచి, మరగబెట్టి, పైకి వచ్చిన ద్రవమును పైతేటలో పోసిరి. ఎంజైము మేల్కొనెను. మరగబెట్టినచో ఎంజైములు చెడిపోవును గదా! అయినను ఆ ద్రవములో చెడని చిన్న ద్రవ్యమేదో ఉన్నదన్నమాట. హార్మోను తాను లోపలికి పోక గడపకడనే నిలిచి వార్త చెప్పును. ఆ వార్తను లోపలికి మోయునది ఈ రెండవ ద్రవ్యము. సదర్లాండు దీనిని రెండవ వార్తాహరుడనెను.

ఆ ద్రవ్యము లభించినది అత్యల్పము. అది ఏమో తేల్చుట కష్టమయ్యెను. ఆ సమయముననే డేవిడ్ లిప్కిన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, జీవకణముతో సంబంధము లేకయే, సీసాలలో ఒక క్రొత్త పదార్థమును తయారుచేసి, లియాన్ హెపెల్ అను మిత్రునికి ఆ సంగతి వ్రాసెను. సదర్లాండు సైతము తన చిక్కును హెపెల్‌కే వ్రాసెను. రెండు ఉత్తరములను చదివిన హెపెల్, ఇరువురును వర్ణించుచున్నది ఒకే పదార్థమని గ్రహించి వారిని కలిపెను. దాని పేరు సైక్లిక్ ఎ.ఎం.పి. అది పుట్టునది ఎ.టి.పి. అను ద్రవ్యమునుండి. భీమవరమున పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కెతో గూడి 1929లో కండరములనుండి వేరుచేసిన ఎ.టి.పి. ఇదియే.

ఇన్ని హార్మోనులకు ఒకే వార్తాహరుడెట్లు చాలునని పలువురు సందేహించిరి. ఆ సందేహము న్యాయమైనదేయని నా తలంపు. సదర్లాండు వాదములకు దిగక, ఒక్కొక్క అవయవమును తీసి పరీక్షించుచు పోయెను. 1963లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమునకు మారెను.

ఎ.టి.పి.ని సైక్లిక్ ఎ.ఎం.పి.గా మార్చు ఎంజైమునకు ఎడినైలేట్ సైక్లేజ్ అని పేరు. అది కణములో ఎచట నున్నది? దీనికి సదర్లాండు బృందము పావురపు రక్తమును ఎన్నుకొనెను. మన ఎఱ్ఱ రక్తకణమునకు కేంద్రకము లేదు. పక్షుల ఎఱ్ఱ కణమునకు కలదు. పైగా కాలేయములో పలు జాతుల కణములు కలసియుండగా, రక్తమునుండి ఒకే జాతి కణములను సులువుగా వేరుచేయవచ్చును. ఆ కణములను పగులగొట్టి భాగములు వేరుచేయగా, ఎంజైము కణపు పైపొరయందే ఉన్నదని 1963లో తేలెను. హార్మోను వచ్చి నిలుచునదియు ఆ పొరకడనే. అయితే పొర వెలుపలనున్న హార్మోను, పొరలోని ఎంజైమును ఎట్లు తట్టిలేపును? హార్మోనును పట్టుకొను గ్రాహకమును ఎంజైమును ఒకే యంత్రపు రెండు భాగములు కావచ్చునని సదర్లాండు తలంచెను. అది పొరపాటు.

1971లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చెను. ఆ సంవత్సరమే బెథెస్డాలో మార్టిన్ రాడ్‌బెల్ బృందము, హార్మోను మాట ఎంజైమునకు చేరుటకు జి.టి.పి. అను గ్వానిన్ న్యూక్లియోటైడు కావలెనని ప్రకటించెను. 1973లో మయామీ విశ్వవిద్యాలయమునకు మారిన సదర్లాండు, 1974 మార్చి 9వ తేదీన తన 58వ యేట మరణించెను.

ఆయన వదలిన ప్రశ్నకు జవాబులో పెద్దభాగము మరల పక్షి రక్తముననే దొరకినది. 1976లో జెరూసలేములో కాసెల్, సెలింజర్ అనువారు టర్కీకోడి ఎఱ్ఱకణముల పొరలను పరీక్షించిరి. హార్మోను తగిలినపుడు ఆ పొరలలో జి.టి.పి. విరిగి జి.డి.పి.గా మారుట హెచ్చెను. గ్రాహకమునకును ఎంజైమునకును నడుమ మూడవదొకటి కలదు. దానిని నేడు జి-ప్రోటీను అందురు. నేను ఎనిమిదవ తరగతి చదివిన దినములలో ఈ పేరు ఏ పాఠమునందును లేదు. అది జి.డి.పి.ని పట్టుకొనియున్నంతకాలము నిద్రించును. హార్మోను గ్రాహకమును తాకగా జి.డి.పి. జారిపోయి, దాని చోట జి.టి.పి. చేరును. అంతట జి-ప్రోటీను పోయి ఎంజైమును పనికి పురికొల్పును. కొంతసేపటికి తన జి.టి.పి.ని తానే విరుచుకొని మరల నిద్రించును, ఎంజైమును శాంతించును. దీపమును వెలిగించినవాడే ఆర్పుటకును ఏర్పాటు చేసికొన్నట్లున్నది.

ఆ ఆర్పుట జరుగకున్నచో ఏమగునో కలరా చెప్పును. ఆ వ్యాధి విషము జి.టి.పి. విరుగుటను అడ్డగించునని 1977లో టర్కీకోడి కణములలోనే కనుగొనబడెను. మన ప్రేగుల కణములలో ఎంజైము ఆగక పనిచేయగా, సైక్లిక్ ఎ.ఎం.పి. పెరిగి, దేహములోని నీరు ప్రేగులలోనికి కారిపోవును. జి-ప్రోటీనును ఆల్‌ఫ్రెడ్ గిల్మన్ బృందము వేరుచేసి చూపెను. 1994లో రాడ్‌బెల్, గిల్మన్‌లు నోబెల్ బహుమతి నందుకొన్ననాటికి సదర్లాండు గతించి ఇరువది యేండ్లయినది.