స్ఫటికముల లెక్క సరిదిద్దిన సూరి భగవంతముగారు

ఆంధ్రదేశమున భౌతికశాస్త్రమునకు పునాదులు వేసిన మహనీయులలో శ్రీ సూరి భగవంతముగారొకరు. వారు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన కృష్ణాజిల్లాలో జన్మించిరి. హైదరాబాదులోని నిజాము కళాశాలలో పట్టపరీక్షకు చదివి, 1928లో కలకత్తా చేరి శ్రీ సి.వి. రామనుగారికి శిష్యులైరి. రామనుగారు తమ పేర ప్రసిద్ధమైన కాంతి ఫలితమును లోకమునకు వెల్లడించినది ఆ సంవత్సరముననే. అట్టి గురువుకడ అట్టి సమయమున చేరుట వారి అదృష్టము. దానిని శ్రమచే సార్థకము చేసికొనుట వారి గొప్పతనము.

1932లో వారు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. అప్పటికి ఆ విద్యాలయము పుట్టి ఆరేండ్లు మాత్రమే అయినది. సర్వేపల్లి రాధాకృష్ణపండితులు దానికి వైస్-ఛాన్సలరుగా నుండిరి. భగవంతముగారు అచ్చట స్ఫటికములపై పరిశోధనకు పూనుకొనిరి.

స్ఫటికమనగా పరమాణువులు వరుస తప్పక నిలిచిన ఘనపదార్థము. ఉప్పుకల్లును, పటికయు స్ఫటికములే. వానిని ఒత్తిన యెడల లోపలి వరుసలు ఒకింత తొలగును. దీనికే శాస్త్రజ్ఞులు వికృతి యని పేరిడిరి. పారదర్శక స్ఫటికములలో ఈ వికృతిని కనిపెట్టుటకు కాంతియే సాధనము. ఒత్తిడి పడినపుడు లోపల కాంతి నడక మారును. ఆ మార్పును లెక్కించుటకు ఏ జాతి స్ఫటికమునకు ఎన్ని స్థిరాంకములు కావలెనో జర్మనీ పండితుడగు ఫ్రీడ్రిఖ్ పాకెల్సు పందొమ్మిదవ శతాబ్దాంతమున నిర్ణయించెను. ఘనాకార స్ఫటికముల ఐదు వర్గములకును 3 స్థిరాంకములే చాలునని ఆయన లెక్క. అర్ధశతాబ్దము ఆ లెక్కయే చెల్లుబడి అయ్యెను.

1942లో భగవంతముగారు సమూహసిద్ధాంతమను గణితమార్గమున ఆ లెక్కను మొదటినుండి తిరిగి కట్టిరి. ఐదు వర్గములలో రెండింటికి 4 స్థిరాంకములు కావలెనని తేలెను. పటిక అట్టి వర్గములోనిదే. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిరైతులకు ఇది బేలుతో తెలియజెప్పవచ్చును. బేలును పైనుండి నొక్కినపుడు కుడియెడమ ప్రక్కలును, ముందువెనుక ప్రక్కలును ఒకే తీరున మారునని తలచుట సహజము. కాంతి విషయమున ఘనాకార స్ఫటికములన్నియు అట్లే యుండునని పాత లెక్క. ఆ రెండు వర్గములలో మాత్రము రెండు దిక్కుల మార్పులు సమానములు కానక్కరలేదని భగవంతముగారి లెక్క.

లోకము నమ్మిన పద్దులో తప్పు కలదనుట సులభము గాదు. తమ లెక్కయే తప్పినచో నవ్వుబాటు తమకే గాక బాల్యావస్థలోనున్న విశ్వవిద్యాలయమునకును తగులును. అందుచే వారు కాగితముతో తృప్తి చెందలేదు. కొన్నియేండ్లకు శిష్యునితో గూడి బేరియం నైట్రేటు స్ఫటికములను ఒత్తి, వానిగుండ కాంతిని పంపి కొలచిరి. నాలుగవ స్థిరాంకము నిక్కముగా కలదని రుజువయ్యెను.

అవి యుద్ధదినములు. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపై జపాను బాంబులు పడెను. యుద్ధకాలమున ఆంధ్ర విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునుండి నడచెను. అట్టి కల్లోలమునందును లెక్క ఆగలేదు. సమూహసిద్ధాంతముపై టి. వెంకటరాయుడుగారితో కలిసి వ్రాసిన గ్రంథము 1948లో వెలువడెను.

తరువాత వారు 1952 మొదలు 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్-ఛాన్సలరుగాను, 1957 మొదలు 1962 వరకు బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు డైరెక్టరుగాను, పిమ్మట రక్షణమంత్రికి శాస్త్రసలహాదారుగాను పనిచేసిరి. పదవులెన్ని వచ్చినను పాత విద్యను విడువలేదు. స్ఫటిక సౌష్ఠవముపై మరియొక గ్రంథమును 1966లో ప్రకటించిరి. 1989 ఫిబ్రవరి 6వ తేదీన దివంగతులైరి.

లోహము కాంతిని లోనికి పోనీయదు. అందలి వికృతిని చూచుటకు ఎక్స్-కిరణములు కావలెను. ఇది 1912లో లావే, 1913లో బ్రాగు తండ్రికొడుకులు చూపిన త్రోవ. కిరణములు పరమాణు వరుసలనుండి చెదరివచ్చు తీరును బట్టి ఆ వరుసలెంత తొలగినవో తెలియును. నానోమీటరనగా మిల్లిమీటరులో పదిలక్షలవ వంతు. అట్టి కొలతలకందు ప్లాటినపు నలుసులను ఈనాడు ఇట్లు పరీక్షించుచున్నారు. మోటారుబండ్ల పొగను శుద్ధిచేయు ఉత్ప్రేరకములలో ఇట్టి నలుసులుండును. వాని పైపొరలో పరమాణువులు దగ్గరైనను, దూరమైనను వాయువుల నంటుకొను పట్టు మారును. రసాయనచర్య వేగమును మారును. ఈ ఎక్స్-కిరణ పరీక్ష భగవంతముగారిది గాదు. అయినను కనుగొన్న వికృతినుండి లోపలి ఒత్తిడిని గణించుటకు స్ఫటిక సౌష్ఠవమును, స్థిరాంకముల సంఖ్యను ఎరుగవలెను. వారు చిరకాలము పరిశ్రమించిన విద్య అదియే.

గ్రంథాలయమున కూర్చుండి చదువు బాలబాలికలు పెద్దల గ్రంథములను గౌరవముతో చదువవలెను; చదివినదానిని తిరిగి లెక్కించియు చూడవలెను. భగవంతముగారు పాకెల్సును చదివినది ఆ తీరుననే.