సర్ థామస్ మన్రో

ఛాయాచిత్రములు పుట్టకముందు, ఐరోపాఖండమున ప్రసిద్ధుల రూపము లోకమునకు తెలియవలెనన్న చిత్రకారులే దిక్కు. పేరుపొందిన చిత్రకారుడు తైలవర్ణములతో మూలచిత్రమును వ్రాసెడివాడు. దానిని చూచి ఇతరులు కాగితముపై రంగుసుద్దలతోనో, లోహపు రేకుపై చెక్కియో ప్రతులు చేసెడివారు. మూలచిత్రము ఒక గోడకే పరిమితము. ప్రతులు పెక్కుమంది చేతికి వచ్చెడివి. ఒకప్పుడు మన అనంతపురమున నివసించిన మన్రో ముఖము లోకమునకు తెలిసినదియు ఇట్లే.

మన్రో 1761లో స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి మదరాసునకు వచ్చెను. బారామహలు సీమలో భూమిశిస్తు వ్యవహారములను నేర్చెను. 1800లో నైజాము బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను కంపెనీకి వదలివేయగా, ఆ దత్తమండలములకు మన్రో ప్రధాన కలెక్టరయ్యెను.

ఆనాటి సీమ స్థితి దయనీయమైనది. ఒకవంక ఎనుబదిమంది పాలెగాండ్రు, ఒకవంక అనావృష్టి. మన్రో పాలెగాండ్రను అణచెను. డేరాలలో బసచేయుచు ఊరూర తిరిగెను. పొలములన్నిటిని కొలిపించి, నడుమ జమీందారు లేకుండ రైతుతోనే శిస్తు నిర్ణయించుకొను రైతువారీ పద్ధతిని నెలకొల్పెను.

అయితే ఆ శిస్తు బరువైనది. ఈ మాట దాచుట న్యాయము గాదు. వాన నమ్మి విత్తు మెట్టనేలలో రైతు దానిని మోయలేడు. మన్రోయే ఆ సంగతి గ్రహించి, శిస్తులో నాలుగవవంతు తగ్గింపవలెనని 1807లో పైయధికారులకు వ్రాసెను. వారు సమ్మతింపలేదు. ఆ యేడే అతడు స్వదేశమునకు వెడలిపోయెను.

1814లో మరల వచ్చి కొన్నియేండ్లు పనిచేసి, 1819లో తిరిగి ఇంగ్లండు చేరెను. ఆ ప్రాంతముననే మార్టిన్ ఆర్చర్ షీ యను ప్రసిద్ధ చిత్రకారుడు అతని రూపమును తైలవర్ణములతో చిత్రించెను. దానినుండి చెక్కిన ప్రతులు పుస్తకముల కెక్కినవి. అప్పటికి మన్రోకు ఏబది యెనిమిదేండ్లు. ఆ వయస్సున పెక్కుమంది విశ్రాంతి కోరుదురు. అతడు 1820లో మదరాసు గవర్నరుగా వచ్చి, పదమూడేండ్ల క్రిందట త్రోసివేయబడిన ఆ తగ్గింపును తానే అమలుపరచెను.

1827లో పదవి విడుచుటకు సిద్ధమై, దత్తమండలములను కడసారి చూడవలెనని బయలుదేరెను. దారిలో కలరా సోకి, జూలై 6వ తేదీన పత్తికొండలో మరణించెను. గుత్తిలో సమాధిచేసిరి. 1831లో అస్థికలను మదరాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు చేర్చిరి. 1839లో ఆ నగరమున చాంట్రే చేసిన మన్రో కంచువిగ్రహమును నిలిపిరి. ఆ గుఱ్ఱమునకు జీను లేదు, రికాబులు లేవు; చూచినవారు నేటికిని దానిని గూర్చి ముచ్చటించుకొందురు.

మా సీమ రైతులలో ఆ తైలచిత్రమును గాని, దాని ప్రతిని గాని చూచినవారు అరుదు. వారు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.