చుక్కల అక్షరాలు - లూయీ బ్రెయిల్ జీవితం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- లూయీ బ్రెయిల్ జీవిత విశేషాలు చెప్పగలుగుతారు.
- ఆరు చుక్కల లిపి ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
- ఒక సౌకర్యం ఎవరి కోసం ఏర్పాటయిందో వారికి అది నిజంగా అందుతున్నదా లేదా అని పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

పశ్చిమ బెంగాల్‌లో ఖరగ్‌పూర్ అనే రైల్వే పట్టణం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఎందరో అక్కడికి పనికోసం వెళ్లి స్థిరపడ్డారు. ఆ స్టేషనులోని పొడవైన ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. ఒక చివర నుంచి మరో చివరకు నడిస్తే కిలోమీటరు దాటుతుంది.

మీరు ఆ స్టేషనులో దిగారనుకోండి. ఊరి పేరు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు అక్షరాలలో కనబడుతుంది. బయటికి దారి ఎటు, మంచినీళ్లు ఎక్కడ, టిక్కెట్లు ఎక్కడ ఇస్తారు అన్నవన్నీ బోర్డులు చూసి తెలుసుకుంటాం. చూపులేని ప్రయాణికునికి మాత్రం ఆ బోర్డులు ఏమీ చెప్పలేవు. అడుగడుగునా ఎవరినో ఒకరిని అడగాలి.

అదే సమాచారాన్ని చేతివేళ్లతో తడిమి చదువుకోగలిగితే? అందుకు వీలయిన లిపిని పదిహేనేళ్ల వయసులో రూపొందించినవాడు లూయీ బ్రెయిల్.

2. బాల్యం

లూయీ బ్రెయిల్ 1809 జనవరి 4న ఫ్రాన్సు దేశంలో కూవ్రే అనే పల్లెలో పుట్టాడు. అది పారిస్ నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. తండ్రి తోలుపని చేసేవాడు. గుర్రాలకు జీనులు, పగ్గాలు కుట్టి కుటుంబాన్ని పోషించేవాడు.

మూడేళ్ల వయసులో లూయీ తండ్రి పనిముట్లతో ఆడుకుంటున్నాడు. తోలుకు రంధ్రాలు పెట్టే ఆరె జారి కంట్లో గుచ్చుకుంది. పుండు మానలేదు. చీము పట్టి ఆ జబ్బు రెండో కంటికీ పాకింది. అయిదేళ్లు వచ్చేసరికి రెండు కళ్లూ పూర్తిగా పోయాయి.

ఆ రోజుల్లో చూపులేని పేద పిల్లలకు చాలామందికి బిచ్చమెత్తడమే గతి. లూయీ తల్లిదండ్రులు అలా వదిలిపెట్టలేదు. ఊరిబడికే పంపారు. పాఠాలు విని గుర్తుంచుకోవడంలో అతడు చురుకైనవాడు. చదవడం, రాయడం మాత్రం వీలుపడలేదు.

3. బరువైన పుస్తకాలు

1819లో, పదేళ్ల వయసులో, లూయీ పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేరాడు. దాన్ని వాలంతిన్ ఆవీ అనే ఆయన 1785లో స్థాపించారు. మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చు వేయించి, పిల్లల చేత తడిమి చదివించే పద్ధతిని ఆయనే ప్రవేశపెట్టారు.

ఆ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, మామూలు అక్షరాలు కంటికోసం ఏర్పడినవి. వాటి వంపులను వేలితో పోల్చుకోవడానికి చాలాసేపు పట్టేది. అందుకని అక్షరాలను పెద్దవిగా వేసేవారు. దానితో పుస్తకం మోయలేనంత బరువయ్యేది. రెండోది, ఆ అక్షరాలను పిల్లలు తమంతట తాము రాసుకోలేరు. అంటే ఒక ఉత్తరం రాయాలన్నా మరొకరి సాయం కావాలి.

బడి భవనం కూడా పాతది. చెమ్మ ఊరే గోడలు, గాలి ఆడని గదులు. బ్రెయిల్‌ను తరువాత బాధించిన క్షయవ్యాధికి అక్కడి వాతావరణమే కారణమని చాలామంది భావిస్తారు.

ఆలోచించండి: ఆవీ మంచి మనసుతోనే ఆ పుస్తకాలు వేయించారు. అయినా వాటివల్ల పిల్లలకు పూర్తి ప్రయోజనం ఎందుకు కలగలేదు?

4. ఆరు చుక్కలు

ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన షార్ల్ బార్బియే ఒక చుక్కల లిపిని తయారుచేశారు. చీకటిలోనూ చేతితో తడిమి చదవవచ్చునని దానికి రాత్రి రాత అని పేరు వచ్చింది. 1821లో అది లూయీ చదివే పాఠశాలకు చేరింది.

గీతలకంటే చుక్కలు వేలికి త్వరగా తెలుస్తాయని లూయీ గ్రహించాడు. లోపాలూ గమనించాడు. బార్బియే లిపిలో ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండేవి. వేలికొన కింద అన్నీ ఒకేసారి ఇమడవు. పైగా అది శబ్దాలను మాత్రమే చూపేది. స్పెల్లింగు, విరామచిహ్నాలు అందులో లేవు.

లూయీ పన్నెండు చుక్కలను ఆరుకు తగ్గించాడు. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3. కుడివైపు 4, 5, 6. ఏ చుక్కలు ఉబ్బి ఉన్నాయో దాన్నిబట్టి అక్షరం మారుతుంది. ఇలా 63 గుర్తులు ఏర్పడతాయి. 1824 నాటికి లిపి ముఖ్యరూపం సిద్ధమయింది. 1829లో దాన్ని పుస్తకంగా వెలువరించారు. సంగీతం రాసుకునే గుర్తులను కూడా అందులో చేర్చారు.

రాయడమూ సులువే. గళ్లున్న పలకలో కాగితం బిగించి, మొనదేలిన చిన్న పనిముట్టుతో గుచ్చుతారు. చుక్క రెండోవైపు ఉబ్బుతుంది కనుక కుడి నుంచి ఎడమకు రాస్తారు. కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతారు. చిన్ననాడు లూయీ చూపు పోగొట్టిన ఆరె కూడా అలాంటి మొన ఉన్న పనిముట్టే.

5. ఎదురైన అడ్డంకులు

బ్రెయిల్ అదే పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. పారిస్ చర్చిలలో ఆర్గాన్ వాయించేవారు. విద్యార్థులు ఆయన లిపిని ఇష్టంగా నేర్చుకున్నారు. కాని 1840లో ప్రధానాధికారిగా వచ్చిన ద్యుఫో ఆ లిపిని వాడవద్దన్నారు. అందరూ చదివే అక్షరాలనే అంధులూ చదవాలన్నది అప్పట్లో చాలామంది అధికారుల వాదన. ఆ అధికారులందరూ చూపున్నవారే.

విద్యార్థులు మానలేదు. చాటుగా చుక్కలతోనే రాసుకున్నారు. 1844లో పాఠశాల కొత్త భవనం ప్రారంభమైనప్పుడు వారు అందరి ముందూ చుక్కల లిపిలో రాసి, చదివి చూపించారు. నిషేధం సడలిపోయింది.

బ్రెయిల్ క్షయవ్యాధితో 1852 జనవరి 6న, 43 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరో రెండేళ్లకు, 1854లో, ఆయన లిపికి ఆ పాఠశాల అధికారికంగా ఆమోదం తెలిపింది. ఆ రోజును ఆయన చూడలేకపోయారు.

6. మన దేశంలో

మన దేశంలో మొదట ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకం చుక్కల లిపి ఉండేది. 1951లో అన్ని భాషలకూ కలిపి భారతీ బ్రెయిల్ ఏర్పడింది. ఇందులో ఒక శబ్దానికి అన్ని భాషలలోనూ ఒకే గుర్తు. తెలుగు క, బెంగాలీ క, హిందీ క కంటికి వేరువేరు. వేలికి మాత్రం మూడూ ఒకటే: 1, 3 చుక్కలు. ఇంగ్లీషులో కె అక్షరం కూడా అదే.

అదే 1951లో ఖరగ్‌పూర్ పక్కనున్న హిజ్లీలో దేశంలోని మొదటి ఐఐటీ ప్రారంభమయింది. 2000 తరువాతి సంవత్సరాలలో అక్కడి పరిశోధకులు స్పర్శ అనే కంప్యూటరు సాధనాన్ని తయారుచేశారు. అది భారతీయ భాషల పాఠాన్ని బ్రెయిల్‌లోకి మారుస్తుంది.

బ్రెయిల్ ద్విశత జయంతి సందర్భంగా 2009లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో రెండు రూపాయల నాణెం విడుదల చేసింది. భవనాలు, రవాణా, సమాచారం వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి చట్టం చెబుతున్నది. కొన్ని రైలు పెట్టెలలో సీట్ల నంబర్లు బ్రెయిల్‌లో కూడా ఉంటున్నాయి.

అయితే చట్టం ఉన్నంతమాత్రాన పని పూర్తికాదు. బ్రెయిల్ పలకను చెయ్యి అందనంత ఎత్తున బిగిస్తే ఏం లాభం? దాని మీద మందంగా రంగు పూస్తే చుక్కలు తెలుస్తాయా? పని మొదలుపెట్టే ముందే వాడుకునేవారిని అడగాలి. పూర్తయ్యాక వారి చేతనే పరీక్ష చేయించాలి. బ్రెయిల్ లిపి నిలబడింది కూడా అది చూపులేని ఒక విద్యార్థి తన వేళ్లతోనే పరీక్షించి చేసినది కనుకనే.

మీ జవాబులు సరిచూసుకోండి

1. ఉబ్బెత్తు అక్షరాల పుస్తకాలలోని రెండు చిక్కులు ఏవి?
2. బార్బియే లిపిని బ్రెయిల్ ఏ విధంగా మార్చారు?
3. భారతీ బ్రెయిల్ వల్ల కలిగిన మేలు ఏమిటి?
4. మీ ఊరి బస్‌స్టాండునో, బ్యాంకునో, రైల్వే స్టేషనునో చూసి రండి. చూపులేనివారు అక్కడ ఒంటరిగా తమ పని చేసుకోగలరా? వీలైతే వారిలో ఒకరిని అడిగి, పది వాక్యాలలో రాయండి.