పేదవాడి ఇంటికి కప్పు వెతికిన హసన్ ఫతహీ

ఇల్లు కట్టడంలో గోడది పెద్ద ఖర్చు కాదు. పచ్చి ఇటుకలు కోసి ఆరబెట్టుకుంటే గోడ లేస్తుంది. అసలు చిక్కంతా కప్పు దగ్గరే. మన రాయలసీమ మట్టి మిద్దెకైనా దూలాలూ వాసాలూ కావాలి గదా! కలప దొరకని ఈజిప్టులో ఈ కప్పు సంగతి తేల్చడానికి జీవితమంతా ధారపోసిన వాస్తుశిల్పి మర్హూం హసన్ ఫతహీ.

ఆయన 1900 మార్చి 23న అలెగ్జాండ్రియాలో భూస్వాముల ఇంట పుట్టారు. తండ్రిగారికి పల్లెటూరంటే ఈగలు, దోమలు, మురికినీళ్లు. తల్లిగారు మాత్రం చిన్నతనంలో చూసిన పల్లె ముచ్చట్లు చెబుతూ ఉండేవారు. ఆ ముచ్చట్లు విని వ్యవసాయం చదవాలనుకున్నారు గానీ ప్రవేశపరీక్ష తప్పారు. పొలం మొహం చూడని కుర్రవాడు మరి! వాస్తుశాస్త్రంలో చేరి 1926లో పట్టా పుచ్చుకున్నారు. ఆ తర్వాతనే సొంత కమతం చూశారు. అమ్మ చెప్పిన పల్లె అక్కడ లేదు. తమ పొలం దున్నే రైతులు వంగితే గాని దూరలేని గుడిసెల్లో, మురికిలో బతుకుతున్నారు. ఆ సిగ్గు ఆయన్ని ఇక వదలలేదు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇనుమూ కలపా కరువయ్యాయి. మట్టి ఇటుకతోనే కమాను కప్పు కడదామని కైరో దగ్గర బహతీంలో ప్రయత్నిస్తే కట్టింది కట్టినట్టే కూలింది. నూబియాలో పల్లెవాళ్లు సెంట్రింగ్ లేకుండానే కమాను వేస్తారని అన్నగారు చెబితే, 1941లో అస్వాన్ వెళ్లారు. అక్కడి ఇళ్లు చూసి నిలువునా ఆశ్చర్యపోయారు.

పని తీరు ఇది. గదికి ఒక కొస గోడను తక్కిన వాటికన్నా ఎత్తు లేపుతారు. దానిమీద మేస్త్రీ కంటి అంచనాతోనే మట్టితో కమాను గీత గీస్తాడు. మొదటి వరుస ఇటుకలు ఆ గోడకు జారగిలబడతాయి, రెండో వరుస మొదటిదానికి, అలా చివరిదాకా. ఇటుక తేలిగ్గా ఉండేందుకు గడ్డి ఎక్కువ కలుపుతారు, మట్టి పట్టుకునేందుకు తడిమీదే వేళ్లతో గాళ్లు గీస్తారు. చెక్క ముక్క అక్కరలేదు. లక్సర్ దగ్గర రామెసియంలో ఇలా కట్టిన ధాన్యపు కొట్లు మూడు వేల ఏళ్లు దాటినా నిలిచే ఉన్నాయి. ఏ కాలేజీలోనూ చెప్పని ఈ విద్య చదువురాని మేస్త్రీల చేతుల్లో బతికింది. ఫతహీ సాహెబు వారిని తన పనికి పిలిపించుకుని, వారి దగ్గర తానే నేర్చుకున్నారు.

ఇక గుర్నా కథ. లక్సర్ ఎదుట నైలు పడమటి గట్టున, పురాతన సమాధుల మీదే ఇళ్లు కట్టుకుని సుమారు 7,000 మంది ఉండేవారు. చాలామందికి ఆ సమాధులే జీవనాధారం. అక్కడ దొంగతనాలు మితిమీరాయని పురావస్తుశాఖ ఊరినే తరలించాలనుకుని, కొత్త ఊరి పని 1945లో ఫతహీకి అప్పగించింది. అందరికీ ఒకే మూస ఇల్లు ఆయన గీయలేదు. ఒక్కో కుటుంబం అవసరాన్ని బట్టి ఒక్కో ఇల్లు, బంధుబలగం ఒక ముంగిట చేరేలా వాడలు, పశువులకు చోటు. మస్జిదు, బడి, సంత, నాటకశాల లేచాయి. ఊరి కుర్రవాళ్లకు పనిమీదే మేస్త్రీపని నేర్పించారు. కానీ ఆఫీసు కాగితాలు కదలక కూలిడబ్బులు ఆలస్యమయ్యేవి. ఊరివాళ్లకు కదలడం ఇష్టంలేదు. ఒక రాత్రి ఎవరో గట్టు తెగగొట్టి కొత్త ఊరి మీదికి నీళ్లు వదిలారు. 1948లో పని ఆగింది, ఊరు సగమైనా కాలేదు.

ఆ గుమ్మటాలు సమాధుల్లా ఉన్నాయని జనం జంకారంటారు. మన దగ్గరా గుమ్మటం అనగానే దర్గాయే గుర్తుకొస్తుంది, కాబట్టి అది కొట్టిపారేసే మాట కాదు. కానీ అసలు సంగతి పొట్టకూటిదని నా అభిప్రాయం. తరలించాలని నిర్ణయించింది సర్కారు. కొత్త ఊళ్లో చేతిపనులు నేర్పాలని ఫతహీ తలపెట్టినా, సమాధుల దగ్గరి రాబడి పోతే ఇల్లు గడిచేదెలా అన్న భయం తీరలేదు. ఇల్లు ఎంత చల్లగా ఉన్నా ఆ భయం పోదు కదా.

1957లో ఆయన ఏథెన్సు వెళ్లి, కొన్నేళ్ల తర్వాత తిరిగివచ్చారు. ఖర్గా ఒయాసిస్సులో కొత్త బారిస్ అనే ఊరు మొదలుపెట్టారు. కరెంటు లేకుండానే కాయగూరలు చెడకుండా గాలి దింపే బురుజులు పెట్టి సంత కట్టారు. 1967 యుద్ధంతో అదీ ఆగింది. గుర్నా అనుభవాన్ని తన ఓటమితో సహా రాసిన పుస్తకం 1969లో కైరోలో, 1973లో చికాగోలో వెలువడింది. పేరు అప్పుడు దేశదేశాలకూ పాకింది. 1980లో ఆగాఖాన్ వాస్తు పురస్కారాల్లో అధ్యక్షుని ప్రత్యేక పురస్కారం, రైట్ లైవ్లీహుడ్ పురస్కారం అందుకున్నారు. విచిత్రమేమిటంటే, ఆయనచేత మట్టి ఇళ్లు కట్టించుకున్నవారిలో డబ్బున్నవారే ఎక్కువ. పేదవాడు మాత్రం సిమెంటు కప్పుకే ఆశపడ్డాడు.

కైరో కోట దాపున ఒక పాతకాలపు ఇంట్లో పిల్లులను పెంచుకుంటూ బతికి, 1989 నవంబరు 30న కన్నుమూశారు. అస్వాన్ పెద్ద ఆనకట్ట వచ్చాక ఊటనీరు పైకెక్కి గుర్నా మట్టిగోడలు దెబ్బతిన్నాయి. ఎన్నో ఇళ్లు పోయి వాటి చోట కాంక్రీటు లేచింది. కొండమీది పాత గుర్నాను 2006 నుంచి ప్రభుత్వమే పడగొట్టించి, జనాన్ని ఇంకో చోటికి పంపింది. ఫతహీ మేస్త్రీలు కట్టిన మస్జిదు మాత్రం నిలిచే ఉంది.