ఎండ కోసం తపించిన రోగి.. కాంతినే మందుగా మార్చిన డాక్టర్! ఎవరీ ఫిన్సెన్?

నోట్లో తెల్లటి పూతలా పేరుకునే ఈస్ట్ ఇన్ఫెక్షన్ తెలుసు కదా? దానిపై ఇప్పుడు కాంతి చికిత్సను పరీక్షిస్తున్నారు. అసలు కాంతితో ఇన్ఫెక్షన్‌ను తగ్గించొచ్చని వందేళ్ల క్రితమే చేసి చూపించారు ఓ డాక్టర్. విచిత్రం ఏంటంటే.. ఆయనే పెద్ద రోగి. ఆయన కథేంటో చూద్దాం.

ఎండ పడని ఇల్లు

నీల్స్ రైబర్గ్ ఫిన్సెన్ 1860 డిసెంబర్ 15న డెన్మార్క్ పాలనలోని ఫారో దీవుల్లో పుట్టారు. కోపెన్‌హాగెన్‌లో మెడిసిన్ చదివి, 1890లో డాక్టర్ అయ్యారు. అప్పటికే ఆయన్ను జబ్బు పట్టేసింది. గుండె, కాలేయం చుట్టూ ఉండే పొరలు గట్టిపడిపోయే వ్యాధి అది. కడుపులో నీరు చేరేది. ఎన్నోసార్లు తీయించుకోవాల్సి వచ్చింది.

ఆయన ఉన్న ఇంటికి ఎండ తగిలేది కాదు. నీరసం, రక్తహీనత. కాస్త ఎండలో తిరిగితే హాయిగా అనిపించేది. దీని వెనక ఏదో ఉందన్న ఆలోచన అక్కడే మొదలైంది.

ముఖాన్ని తినేసే క్షయ

అప్పట్లో యూరప్‌ను లూపస్ వల్గారిస్ అనే చర్మ క్షయ వణికించేది. ముక్కు, బుగ్గలు తినేసేది. మనుషుల్లోకి రావడానికే రోగులు సిగ్గుపడేవాళ్లు. 1895లో ఓ రోగిపై ఫిన్సెన్ కార్బన్ ఆర్క్ దీపం కాంతిని ప్రయోగించారు. నెలల తరబడి చికిత్స చేస్తే మచ్చ తగ్గింది.

వేడికి చర్మం కాలకుండా మధ్యలో చల్లటి నీళ్లు పారేలా ఏర్పాటు చేశారు. నర్సు ఓ క్వార్ట్జ్ అద్దాన్ని చర్మంపై గట్టిగా అదిమి పట్టుకునేది. రక్తం పక్కకు జరిగితేనే కాంతి లోపలికి దిగుతుంది మరి! 1896లో కోపెన్‌హాగెన్‌లో కాంతి చికిత్స సంస్థే పెట్టేశారు. అయితే ఆయన చెప్పినవన్నీ నిజం కాలేదు. మశూచికి ఎర్ర కాంతి పనిచేస్తుందన్న మాట తర్వాత నిలబడలేదు.

వీల్‌చైర్‌లోనే నోబెల్

సికింద్రాబాద్‌లో మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఫిన్సెన్‌కు దక్కింది. కానీ స్టాక్‌హోమ్ వెళ్లే ఓపిక కూడా లేదు. అప్పటికే వీల్‌చైర్‌కు పరిమితమయ్యారు. ప్రైజ్ డబ్బులో పెద్ద భాగాన్ని చికిత్సా సంస్థలకే ఇచ్చేశారు. చివరి రోజుల్లో కూడా ఉప్పు తగ్గిస్తే ఏమవుతుందని తన ఒంటిమీదే పరిశీలించారు. 1904 సెప్టెంబర్ 24న, 43 ఏళ్లకే కన్నుమూశారు.

వందేళ్లకు తేలిన రహస్యం

ఆ దీపం క్రిములను ఎలా చంపింది? 2005లో డెన్మార్క్ పరిశోధకులు పాత పరికరాలనే పరీక్షించారు. క్షయ క్రిమిలో సహజంగా ఉండే పోర్ఫిరిన్లు కాంతి తగలగానే చురుకైన ఆక్సిజన్‌ను పుట్టించి, ఆ క్రిమినే దెబ్బతీసి ఉండొచ్చని తేల్చారు.

నోటి ఈస్ట్‌పై ఇప్పుడు వాడుతున్నదీ ఈ సూత్రమే. క్యాండిడా ఫంగస్ పేరుకున్న చోట మిథిలీన్ బ్లూ లాంటి రంగు మందు రాసి, దానికి తగిన ఎర్ర కాంతి వేస్తారు. మన పసుపులోని కర్‌క్యుమిన్‌తో అయితే నీలి కాంతి. ఫంగస్ మందులకు లొంగకుండా మొండికేస్తున్న ఈ రోజుల్లో ఇది కొత్త ఆశ.

అలాగని ఇంట్లో పసుపు రాసుకుని టార్చ్ వేసుకుంటే కుదరదు సుమా! మందు మోతాదు, కాంతి రంగు, సమయం అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. ఇంకా పరిశోధనలు సాగుతున్నాయి. కట్టుడు పళ్లు పెట్టుకునేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్లకు ఈ ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. నోట్లో తెల్లటి పూత కనిపిస్తే ముందు డాక్టర్‌కు చూపించుకోండి.