లెక్కల మాస్టారు జార్జ్ పోల్యా

సాయంత్రం స్టడీ అవర్‌లో చిన్న తరగతుల తమ్ముళ్లకు లెక్కలు చెప్పే అన్నలందరూ తెలుసుకోవలసిన మాస్టారు ఒకరున్నారు. ఆయన పేరు జార్జ్ పోల్యా. హంగరీ దేశపు బుడాపెస్ట్ నగరంలో 1887 డిసెంబరు 13న పుట్టారు. మన శ్రీనివాస రామానుజన్ పుట్టింది అదే నెల 22న. ఇద్దరికీ తేడా తొమ్మిది రోజులే. రామానుజన్ గురించి మనం పాఠాల్లో చదువుకున్నాం. పోల్యా గురించి మన పుస్తకాల్లో అంతగా కనిపించదు.

పోల్యా తండ్రి 1897లో చనిపోయారు. డాక్టరైన అన్న జెనో డబ్బు సాయం చేసి తమ్ముణ్ణి చదివించారు. అమ్మ కోరికపై లా చదువులో చేరి, విసుగొచ్చి కొన్ని నెలలకే మానేశారు. తర్వాత భాషలు, సాహిత్యం చదివారు. ఆపైన తత్వశాస్త్రం. అది బాగా అర్థం కావాలంటే ఫిజిక్సు, లెక్కలు కూడా చదవమని ప్రొఫెసరు సలహా ఇస్తే అప్పుడు లెక్కల వైపు వచ్చారు. స్కూల్లో ఉండగా ఆయనకు లెక్కలంటే పెద్ద ఇష్టం లేదట! లెక్కలు రావని దిగులుపడే తమ్ముళ్లకు ఈ మాట తప్పక చెప్పాలి.

1910-11లో వియన్నాలో చదువుకుంటూ ఖర్చుల కోసం ఒక జమీందారు గారి అబ్బాయికి ట్యూషన్ చెప్పారు. ఆ పిల్లవాడికి లెక్క ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచేది కాదు. పోల్యా వాణ్ణి మొద్దు అనుకోలేదు. లెక్క చేసే నేర్పు పుట్టుకతో వచ్చేది కాదనీ, నేర్పితే వస్తుందనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్నే జీవితాంతం పట్టుకున్నారు.

ఆయన పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి. ముందు లెక్క అర్థం చేసుకోవాలి, అంటే ఏమిచ్చారు, ఏమడిగారు అని చూడాలి. తర్వాత ఉపాయం ఆలోచించాలి. ఆ ఉపాయంతో చేయాలి. చివర వెనక్కి తిరిగి సరిచూసుకోవాలి. మాస్టారు జవాబు చెప్పేయకుండా చిన్న చిన్న ప్రశ్నలు వేస్తూ పిల్లవాడి చేతనే చేయించాలి.

మన తమ్ముళ్లకు అర్థమయ్యే లెక్కతో చూద్దాం. దొడ్లో కోళ్లు, మేకలు కలిపి 10 తలలు, 28 కాళ్లు. కోళ్లెన్ని, మేకలెన్ని? నాలుగో తరగతి పిల్లవాడు వెంటనే కూడికా, తీసివేతా అని అడుగుతాడు. ఏదీ చెప్పవద్దు. పది సున్నాలు గీయమనండి, అవి తలలు. ఒక్కో తలకు రెండేసి కాళ్లు పెట్టమనండి. 20 అయిపోతాయి, ఇంకా 8 మిగులుతాయి. వాటిని ఎవరికివ్వాలో వాడినే అడగండి. రెండేసి చొప్పున నాలుగు తలలకు ఇస్తాడు. నాలుగు మేకలు, ఆరు కోళ్లు! కాళ్లు మళ్లీ లెక్కపెడితే 16, 12 కలిపి 28. సరిపోయింది. ఎక్స్, వై లు ఏవీ అక్కర్లేదు.

పోల్యా 1914 నుంచి 1940 వరకు స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో పాఠాలు చెప్పారు. ఇంగ్లండులో రామానుజన్‌కు అండగా నిలిచిన హార్డీతో, లిటిల్‌వుడ్‌తో కలిసి 1934లో అసమానతల మీద ఒక పుస్తకం రాశారు. నాజీల భయం పెరగడంతో 1940లో అమెరికా వెళ్లిపోయారు. లెక్కలు ఎలా చేయాలో చెప్పే ఆయన పుస్తకం అప్పటికే జర్మన్ భాషలో చిత్తుప్రతిగా ఉంది. ఇంగ్లీషులో తేవడానికి నలుగురు ప్రచురణకర్తల చుట్టూ తిరగవలసి వచ్చింది. చివరికి 1945లో ప్రిన్స్‌టన్ వారు అచ్చువేశారు. తర్వాత అది పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది! స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 1953లో రిటైరైనా ఊరుకోలేదు. స్కూలు టీచర్లకు లెక్కలు ఎలా చెప్పాలో నేర్పుతూ తిరిగారు. 1978లో, 90 ఏళ్ల వయసులో కూడా అక్కడ క్లాసు చెప్పారు. 1985 సెప్టెంబరు 7న కన్నుమూశారు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. జమీందారు బిడ్డకు ఒక్కడికే ఒక మాస్టారు. మన దగ్గర ఒక్క అన్న చుట్టూ ఇరవై మంది కూర్చుంటారు. ఒక్కొక్కరినీ ప్రశ్నలడుగుతూ పోతే అన్నం గంట కొట్టేస్తుంది. అందుకే గైడు చూసి ఎక్కించుకోవడం అలవాటైంది. అలా ఎక్కించుకునే పదో తరగతిలో లెక్కలు తప్పి, చదువు మానేసి కూలి పనులకు పోయినవాళ్లు మనతో పక్క పరుపు మీద పడుకున్నవాళ్లే. కాబట్టి నలుగురేసి పిల్లల్ని జట్టుగా కూర్చోబెట్టి, ప్రశ్నలు ఒకరినొకరు అడుక్కునేలా చేస్తే బాగుంటుందని మా ఆలోచన. రోజుకు పది లెక్కలు అక్కర్లేదు, ఒక్కటి చాలు. ఈ ఏడాది మూడు, నాలుగు, ఐదు తరగతుల తమ్ముళ్లతో మొదలుపెడదాం. పాత విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తలో నాలుగు లెక్కలు తయారుచేసి తెచ్చిపెడితే మాకు పెద్ద సాయం. జవాబులు మాత్రం రాయకుండా తెండి.